ప్రొఫైల్ బొమ్మలో గరిటెగా మారిన వీణ

ప్రొఫైల్‌కు పెట్టుకొనే చిన్న అలంకార చిత్రాన్ని సొంతంగా తయారు చేసుకోవాలంటే ఫొటోషాప్ కొనవలసిందేనా, ఉచితంగా దొరికే గింప్ సరిపోతుందా అని మీరు అడిగారు. గింప్ నిక్షేపంగా సరిపోతుంది. విజయనగరంలో పదకొండేళ్లపాటు డీటీపీ, ఫొటో డిజైనింగ్ దుకాణం నడిపాను. అన్నేళ్లలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల చెడిపోయిన చిన్న బొమ్మను ఒక్కదాన్ని కూడా చూడలేదు. చెడినవన్నీ చేసేవాడి ఆశ వల్లనే చెడ్డాయి, వాటిలో నేను చేసినది కూడా ఒకటుంది.

మా అక్క కూతురు మా ఊరి సంగీత కళాశాలలో వీణ నేర్చుకొంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కళాశాల అది. చదువు పూర్తయ్యాక ఆన్‌లైన్‌లో పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, "మావయ్యా, వీణ కనబడేలా గుండ్రంగా, ముద్దుగా ఒక బొమ్మ చేసిపెట్టవూ" అని అడిగింది. మా ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది. గొల్లపల్లిలో చేయించినది, ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణ. దానిని వరండాలో పెట్టి ఫొటో తీసి, రెండు రాత్రులు కూర్చొని, పెన్ టూల్‌తో తీగలు బిగించే ఒక్కొక్క బిరడ చుట్టూ గీత తిప్పుతూ, 24 మెట్లూ ఏడు తీగలూ పోకుండా వెనకనున్న గోడనంతా తీసివేశాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. వీణ వెనక ఒక తామరపువ్వును, చుట్టూ మల్లెల దండను, దండ కింద నీడను, అడుగున బంగారు రంగులో "స్వర" అన్న అక్షరాలను కూడా చేర్చాను. కంప్యూటర్ తెర నిండా చూసుకొంటే పెళ్లి పందిరిలాగా ఉంది. పొంగిపోయి కుటుంబ గ్రూపులో పెట్టించాను.

ఫోనులో ఆ బొమ్మ బఠాణీగింజంత గుండ్రంలోకి వచ్చేసరికి మా అమ్మ దానిని దగ్గరగా పట్టుకొని చూసి, "ఇదేటిరా, పప్పుగరిటె ఎట్టావు? ఆ పిల్ల వంటలు గానీ నేర్పుతాదేటి?" అంది. నిజంగానే గరిటెలా ఉంది. వీణ కుండ గరిటె తలగా, తీగలు సాగే పొడవాటి దండి గరిటె కాడగా, మల్లెల దండ కంచం అంచుగా మారిపోయాయి.

ఎందుకలా అయిందో కాగితం మీద లెక్క వేస్తే తేలిపోయింది. నేను తీసిన ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. ప్రొఫైల్ బొమ్మ కనబడే చోట వంద చుక్కల వెడల్పు, వంద ఎత్తు అనుకొంటే మొత్తం పదివేలే. పన్నెండు వందల చుక్కలు కలిసి ఒక్క చుక్కలో సర్దుకోవాలి. నాలుగడుగుల వీణను వంద చుక్కల్లో పరిస్తే ఒక్కో చుక్కకు పన్నెండు మిల్లీమీటర్ల మేర వస్తుంది, తీగ మందమేమో ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. చుక్కలో పదో వంతైనా లేని వస్తువును ఏ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది? దండి రంగులో తీగ రంగును కాస్త కలిపి, బూడిదరంగు మసకను మన మొహాన కొడుతుంది. రెండు రాత్రులు నేను కాపాడుకొన్న తీగలు చివరికి ఆ మసకయ్యాయి.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం దగ్గర పడితే మూడు లాంతర్ల కూడలి చుట్టుపక్కల కట్టే ఫ్లెక్సీలను చూడండి. ఒక్కో ఫ్లెక్సీ అంచున ముప్పై గుండ్రాలు, ఒక్కో గుండ్రంలో ఒక తల. నా లెక్కలో మా జిల్లాకు ప్రొఫైల్ బొమ్మలను పరిచయం చేసినవి ఆ ఫ్లెక్సీలే. ఆ తలల వరుసలు నా దుకాణంలోనూ చాలా తయారయ్యాయి. ఒక్క మనిషీ తన మొహం పెద్దగా కనబడాలని మాత్రమే అడిగి ఊరుకోలేదు. వెనక సూర్యుడు కావాలి, పక్కన సింహం కావాలి, కండువా అంచు కూడా పడాలి. చివరకు కండువా స్పష్టంగా పడి, మనిషి ఎవరో తెలియకుండా పోయేవాడు.

రెండోసారి వీణను వదిలేసి, దాని కొసన సింహంలా చెక్కి ఉండే యాళి ముఖాన్ని మాత్రమే తీసుకొన్నాను. 800 పిక్సెళ్ల చదరం తెరిచి, ఎలిప్స్ సాధనాన్ని లాగడం మొదలుపెట్టాక షిఫ్ట్ మీటను నొక్కిపట్టి సరైన వృత్తం తీశాను. చదరంగా ఇచ్చిన బొమ్మను చాలా యాప్‌లు వాటంతటవే గుండ్రంగా కత్తిరిస్తాయి, నాలుగు మూలలూ కలిసి బొమ్మలో ఐదో వంతుకు పైగా పోతుంది, కాబట్టి మూలల్లో ఏమీ పెట్టకూడదు. ఎనిమిది వందలను వందకు దించితే వరుసలో ఎనిమిది చుక్కలు ఒకటవుతాయి గనుక, పదహారు చుక్కలకన్నా సన్నని గీతను ఎక్కడా ఉంచలేదు. యాళి కోరలను ఉన్నవాటికన్నా లావు చేశాను, కంటిలో తెల్ల చుక్కను బ్రష్‌తో నేనే పెట్టాను. అది ఫొటోలో లేనిది, అబద్ధమే, అయినా ఆ చుక్క లేకపోతే చిన్న సైజులో యాళికి ప్రాణం రాలేదు.

పని సాగినంతసేపూ అదే ఫైలును రెండో కిటికీలో, చివరకు కనబడే సైజులో తెరిచి ఉంచుకొన్నాను. ఫొటోషాప్‌లో విండో మెనూ కింద అరేంజ్‌లోనూ, గింప్‌లో వ్యూ మెనూలోనూ ఈ సదుపాయం ఉంది, నేను చూసినంతలో వాడేవాళ్లు మాత్రం లేరు. తర్వాత రంగులన్నీ తీసేసి నలుపు తెలుపుల్లో చూశాను. మెరుగు పెట్టిన పనసచెక్క రంగు, వెనక నేను ముచ్చటపడి వేసిన కుంకుమ రంగు రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. కుంకుమను తీసి లేత పసుపు వేయగానే యాళి ముఖం ముందుకు వచ్చింది. సైజు దించాక, అంచులను పదునుపెట్టే అన్‌షార్ప్ మాస్క్‌ను చాలా తక్కువ రేడియస్‌తో ఒక్కసారి మాత్రమే వాడాను.

అక్షరాలను పూర్తిగా తీసివేశాను. తెలుగు అక్షరం అంత చిన్న చోట బతకదు, "స్వ"లో ఒత్తు సకారం కింద సిరా ఒలికినట్లు కనబడింది. అసలు పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగును టైపు చేస్తే ఒత్తులు విడిపోయి అక్షరాల పక్కన పడేవి, ఆ బాధ పడలేకనే మేమంతా ఏళ్లకొద్దీ యూనికోడ్ కాని అను ఫాంట్లను పట్టుకొని వేలాడాము. తర్వాతి వెర్షన్లలో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకొంటే సరిగ్గా వచ్చేది, ఇప్పటి వెర్షన్లలో దానంతటదే వస్తుంది. ఆ ఎంపికను సెట్టింగుల అడుగున ఎందుకు దాచారో నాకు ఇప్పటికీ కోపమే.

పూర్తయిన బొమ్మను పీఎన్‌జీ ఫార్మాట్‌లో సేవ్ చేసుకోండి. జేపెగ్ అయితే పారదర్శకంగా ఉంచిన చోటు నిలవదు, గీతల అంచుల వెంట మురికి మరకలు కూడా పడతాయి. జిఫ్‌లో 256 రంగులే గనుక చెక్క మీది వెలుగునీడలు మెట్లు మెట్లుగా విరుగుతాయి. పొరలు (లేయర్లు) ఉన్న అసలు ఫైలును వేరుగా ఉంచుకోండి. పొరలన్నీ కలిపేసి దాచడం వల్ల నా మొదటి యాళిని మొత్తం మళ్లీ కత్తిరించవలసి వచ్చింది.

కొత్త బొమ్మ పెట్టిన రోజు మా అమ్మకు ఫోను ఇచ్చాను. కళ్లజోడు లేకుండానే, "ఇది మన ఈణ మీది సింగం కదేటి" అని వెంటనే గుర్తుపట్టింది. నా మేనకోడలు నవ్వింది, నేను పొంగిపోయాను. మా అమ్మ ఫోనును అటూ ఇటూ తిప్పి, ఇంకాసేపు చూసి, "బాగుందిరా, మరి ఈణేదీ?" అంది.