వాచీ బంగారం అసలుదే, లోపలి మూవ్‌మెంట్ (యంత్రం) వేరేది: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నేను పాత వాచీలు సేకరిస్తుంటాను. 1950ల నాటి పటెక్ ఫిలిప్ బంగారు వాచీని మూడు నెలల క్రితం ఒక వ్యాపారి దగ్గర కొన్నాను. 18 క్యారెట్లు, అన్నీ ఒరిజినల్ భాగాలే అని వాట్సాప్‌లో రాశాడు. కంపెనీ తన పాత రికార్డుల నుంచి తీసి ఇచ్చే వివరాల పత్రం (ఆర్కైవ్ ఎక్స్‌ట్రాక్ట్) కూడా ఇచ్చాడు. మొన్న సర్వీసింగ్‌కి విప్పితే డయల్‌కు తర్వాత కొత్తగా రంగు, అంకెలు వేశారని (రీడయల్), మూవ్‌మెంట్ నంబరు ఎక్స్‌ట్రాక్ట్‌తో కలవడం లేదని తేలింది. ‘బిల్లు మీద వాపసు లేదని ఉంది, అయినా బంగారం స్వచ్ఛమైనదే కదా’ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సర్వీసింగ్ ఆపించండి. పాలిష్ చేయించొద్దు, అమ్మొద్దు, తాకట్టు పెట్టొద్దు. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 42 ప్రకారం ఇలాంటి పనులు చేసినా, వద్దని చెప్పకుండా సమంజసమైన గడువు దాటేదాకా ఉంచుకున్నా మీరు వస్తువును అంగీకరించినట్టే. అప్పుడు నష్టపరిహారం అడగొచ్చు తప్ప, వాచీ తిప్పి ఇచ్చి మొత్తం డబ్బు అడిగే హక్కు మామూలుగా ఉండదు. మూడు నెలలు ఆలస్యమని వ్యాపారి తప్పకుండా వాదిస్తాడు. వెనక మూత తీస్తేగాని బయటపడని లోపమని మీరు చెప్పొచ్చు. కానీ తెలిశాక కూడా ఊరుకుంటే ఆ మాటకు బలం ఉండదు. కాబట్టి ఈ వారంలోనే, వాచీని తిరస్కరిస్తున్నానని లాయరు నోటీసు పంపండి. సెక్షన్ 43 ప్రకారం తిరస్కరిస్తున్నట్టు తెలియజేస్తే చాలు, మీరే మోసుకెళ్లి అప్పగించక్కర్లేదు. డబ్బు చేతికి రాకుండా ఇచ్చేయకండి, మీ ప్రధాన సాక్ష్యం అదే.

బిల్లు మీది ‘వాపసు లేదు’ చూసి టెన్షన్ పడకండి. వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని సెక్షన్ 15 అంటుంది. అన్నీ ఒరిజినల్ అని స్వయంగా రాసిచ్చినవాడిని అచ్చులో ఉన్న ఒక్క లైను కాపాడటం కష్టం. బంగారం వాదన మరీ పేలవం. మీరు తూకానికి నగ కొనలేదు కదా! పాత వాచీలు సేకరించేవాళ్లు అంత ధర పెట్టేది భాగాలన్నీ మొదటివే అయినందుకు.

ఎక్స్‌ట్రాక్ట్ ఆ నంబర్ల వాచీ ఎప్పుడు తయారైందో, ఎప్పుడు అమ్ముడైందో చెబుతుందే గానీ ఈ రోజు లోపల ఏముందో చెప్పదు. అయితే అతను ఇచ్చిన కాగితమే ఇప్పుడు అతని మీద సాక్ష్యం. వాచ్‌మేకర్ చేత సంతకంతో రిపోర్టు, నంబర్ల ఫొటోలు తీసుకోండి. వాట్సాప్ సందేశాలు ఉన్న ఫోన్ మార్చకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి.

నోటీసుకు దారికి రాకపోతే, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించింది 50 లక్షలు దాటితే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. తిరిగి అమ్మడానికే కొన్నారని తేలితే మాత్రం వినియోగదారుడిగా లెక్కలోకి రారు, సివిల్ కోర్టే దిక్కు.

చీటింగ్ కేసుకు తొందరపడకండి. మోసం చేయాలన్న ఉద్దేశం అమ్మేనాటికే ఉందని చూపాలి. అతనికి అమ్మినవాడు అతన్నీ మోసగించి ఉండొచ్చు. వాచీ ఎక్కడ కొన్నాడో, మూత తీసి చూశాడో లేదో నోటీసులోనే అడగండి. అతని జవాబు వచ్చాక పోలీసుల సంగతి ఆలోచిద్దాం.