నరం బ్లాక్ (ఒక భాగాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇచ్చాక గుండె ఆగితే లిపిడ్ (కొవ్వు) ఎందుకు ఎక్కిస్తారు?

ఈ బ్లాక్‌లో వాడే మొద్దుబార్చే మందు బుపివకెయిన్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే, గుండెలో విద్యుత్ సంకేతాలను నడిపే సోడియం ఛానెళ్లను పట్టుకుని ఓ పట్టాన వదలదు. మూతి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఆపై ఫిట్స్. రోగి మత్తులో ఉంటే ఇవేవీ బయటపడకుండానే గుండె లయ తప్పొచ్చు.

ఇంజెక్షన్ ఆపి, 100% ఆక్సిజన్ ఇస్తూ, ఫిట్స్‌కు మిడజోలం ఇవ్వాలి. 20% లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు బిందువులు కలిసిన తెల్లని ద్రవం) కిలోకు 1.5 మి.లీ. చొప్పున 2-3 నిమిషాల్లో, తర్వాత నిమిషానికి కిలోకు 0.25 మి.లీ.; మొత్తం కిలోకు 12 మి.లీ. దాటకూడదు. కొవ్వు బిందువులు మందును గుండె, మెదడు నుంచి లాగి కాలేయానికి, కండరాలకు చేరుస్తాయి. ఈలోగా సీపీఆర్ ఆపొద్దు, గంట దాటినా సరే.

ఎక్కువగా తప్పేది అడ్రినలిన్ దగ్గరే: అలవాటుగా 1 మి.గ్రా. ఇచ్చేస్తారు. అమెరికా రీజనల్ అనస్థీషియా సొసైటీ సూచన మాత్రం కిలోకు 1 మైక్రోగ్రాము లోపే. మత్తుమందు ప్రొపోఫాల్ కూడా లిపిడ్‌లా తెల్లగానే ఉంటుంది గానీ, దానికి బదులుగా పనికిరాదు: అందులో కొవ్వు 10 శాతమే, పైగా బీపీ పడిపోతుంది.