కుంట చుట్టూ తుంగ జాతి మొక్కలు వేస్తే పెరడంతా పాకిపోతుందా?

మధురవాడలో కొత్త ఇంటి వెనక ఎనిమిది అడుగుల కుంట తవ్వించామని, దాని చుట్టూ తుంగ జాతి మొక్కలు వేద్దామంటే మీ అత్తగారు "తుంగని చేతులారా తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారా" అంటున్నారని రాశారు. ఆవిడ మాట కొట్టిపారేయకండి, పొలం పనులు తెలిసినవాళ్లు ఎవరైనా అదే అంటారు. కాకపోతే ఆవిడ భయపడే తుంగ ఒకటి, మీరు నర్సరీలో చూసొచ్చింది ఇంకొకటి. నేను రెండింటితోనూ పడ్డాను.

మాది పెందుర్తి వైపు. ఆరేళ్ల కిందట కుంట గట్టు ఎత్తు చేద్దామని ఒక ట్రాక్టరు చెరువు మట్టి తోలించాను. మంచి మట్టి అన్నారు, నిజంగా మంచిదే. నెల తిరక్కుండా గట్టంతా తుంగ మొలిచింది! పీకితే సులువుగానే వచ్చేది, వారానికి మళ్లీ పచ్చగా లేచేది. తవ్వి చూస్తే సంగతి తెలిసింది. దాని గడ్డలు నేలలో గొలుసులా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. పైన పీకితే గొలుసు తెగి, అప్పటిదాకా ఊరుకున్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. నల్ల ప్లాస్టిక్ షీటు పరిస్తే దాన్ని కూడా సూదిలా పొడుచుకుని పైకొచ్చింది. ఆయుర్వేద కొట్లో తుంగముస్తలని అమ్మేది ఈ గడ్డలనే. అప్పుడు అమ్ముకుని ఉంటే నా మట్టి ఖర్చు వచ్చేసేదేమో. చివరికి ఒక వేసవిలో అడుగు లోతు తవ్వించి, గడ్డలు ఏరి, డాబా మీద గలగలలాడేదాకా ఎండబెట్టాను. తుంగకి నీడ గిట్టదు కాబట్టి ఆ గట్టు మీద చామ దుబ్బులు ఒత్తుగా వేశాను. ఇప్పటికీ అక్కడో మొక్క ఇక్కడో మొక్క వస్తూనే ఉంటుంది, కానీ టెన్షన్ లేదు.

ఇక మీరు వేయాల్సింది నర్సరీవాళ్లు అంబ్రెల్లా పామ్ అనేది. పేరులో పామ్ ఉందని తాటి, కొబ్బరి జాతి అనుకోకండి, అది ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన తుంగే. కాడని రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే చాలా తుంగ రకాల్లో మూడు అంచులు చేతికి తగులుతాయి, గడ్డి కాడ అలా ఉండదు. అంబ్రెల్లా పామ్‌లో ఆ అంచులు అంత తెలియవు గానీ, చివర గొడుగు ఊచల్లా విచ్చుకున్న ఆకులు చూస్తే పోల్చుకోవచ్చు. దీనికి గడ్డల గొలుసు ఉండదు, దుబ్బు కట్టి పక్కకు పిలకలు వేస్తుంది, అంతే. పాపిరస్ కూడా అడిగారు. పూర్వం ఈజిప్టువాళ్లు కాగితం చేసింది దాని కాడలోని బెండుతోనే. చూడ్డానికి రాజసం, కానీ మనిషిని మించి పెరుగుతుంది. మా దగ్గర ఒక్క గాలివానకి సగం కాడలు విరిగి పడ్డాయి. సముద్రం దగ్గర ఉన్న మీకు గోడ చాటు లేకపోతే నేను వద్దంటాను.

నేల మీద నాటకండి, కుండీతోనే నీళ్లలో పెట్టండి. కుండీలో ఉత్త బంకమట్టి వేసి, పైన గులకరాళ్లు పరిచి, కుండీ అంచు నీటికి రెండు మూడు అంగుళాల కిందకి ఉండేలా ఇటుక మీద నిలబెడితే చాలు. నేను అతి తెలివికి పోయి మట్టిలో వర్మీ కంపోస్టు బాగా కలిపాను. పది రోజుల్లో నీళ్లు పచ్చని పెసర పిండిలా అయ్యాయి. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడల్లా మేము ఏసీ నీళ్లు పట్టి పోస్తాం. ఆకుల చివర్లు ఎండితే ఆ కాడని మొదలుకంటా కోసేయండి, కొత్తది వస్తుంది. మా వీధి పిల్లికి ఈ ఆకులంటే ప్రాణం, రోజూ వచ్చి నమిలి పోతుంది.

ఒక్క మొక్క కొంటే చాలు. గొడుగు తలని రెండు అంగుళాల కాడతో కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, బకెట్ నీళ్లలో తలకిందులుగా తేలేయండి. మూడు వారాల్లో నడిమి నుంచి వేర్లు, పిలకలు వస్తాయి. రెండేళ్లకోసారి దుబ్బు విడదీయాలి, లేకపోతే కుండీ పగులుతుంది. నేను కొబ్బరికాయలు కొట్టే కత్తితో కోస్తాను. మిగిలిన ముక్కల్ని మాత్రం గెడ్డలో, అంటే వాగులో, పడేయకండి, అక్కడ పాతుకుంటే ఇక పోదు. అలాగే కొండకర్ల ఆవ లాంటి పెద్ద చెరువుకి వెళ్లి జమ్ము దుబ్బు పీకి తేకండి. అది తుంగ కూడా కాదు, దాని పదునైన దుంపలు కుంటలో పరిచిన షీటుని చీల్చేస్తాయి.

దోమల సంగతికి నాలుగైదు గప్పీ చేపలు వదిలితే సరి.

చివరిగా ఇంకో మాట. విశాఖ నర్సరీల్లోకి మొక్కలు చాలావరకు కడియం నుంచే వస్తాయి, ఎక్కడి నుంచి వచ్చినా కుండీ మట్టిలో పొలం తుంగ గడ్డ దాక్కుని ఉండొచ్చు. కుంటలో పెట్టే ముందు ఆ మట్టంతా విదిలించి చూడండి. ఆ పని మీ అత్తగారికి అప్పగించండి. ఆ గడ్డని ఆవిడంత బాగా గుర్తుపట్టేవాళ్లు మీ ఇంట్లో ఇంకెవరూ ఉండరు.