మనవడికంటే బరువైన గుమ్మడికాయ: పాఠకుల ఇంగ్లిషు సందేహాలు

ప్రశ్న: మేడమ్, నేను గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మీటింగుకు గది చాలట్లేదని "వి నీడ్ ఎ బిగ్గర్ దాన్ దిస్ రూమ్" అని మెయిల్ పెట్టాను. మా టీమ్ లీడ్ నవ్వి "ఎ బిగ్గర్ రూమ్ దాన్ దిస్" అని దిద్దారు. పక్క సీటాయన "ఎ రూమ్ బిగ్గర్ దాన్ దిస్" కూడా కరెక్టే అంటున్నారు. అప్పటినుంచి మెయిల్ రాయాలంటేనే టెన్షన్. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వాళ్లిద్దరూ చెప్పినవి సరైనవే. మీ తప్పు ఇంగ్లిషు రాక వచ్చింది కాదమ్మా, తెలుగు బాగా వచ్చినందుకు వచ్చింది. "దీనికంటే పెద్ద గది" అంటాం మనం. "దీనికంటే" ముందు, "పెద్ద" తర్వాత, గది అన్నిటికన్నా చివర. "మొన్న మా మేనమామ అబిడ్స్‌లో బేరమాడి తెచ్చినదానికంటే కాస్త పెద్ద కుక్కరు" అన్నా సరే, కుక్కరు ఓపిగ్గా వెనకాల నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. ఇంగ్లిషు నామవాచకానికి అంత ఓపిక లేదు. "బిగ్గర్" ఒక్కదాన్నీ ముందు కూర్చోనిస్తుంది, "దాన్" తోకను మాత్రం వెనక్కి పంపుతుంది. అలా వచ్చింది మీ టీమ్ లీడ్ గారి వాక్యం. లేదంటే "బిగ్గర్ దాన్ దిస్" మొత్తాన్నీ విడదీయకుండా రూమ్ తర్వాత పెట్టుకోవచ్చు. అది పక్క సీటాయన వాక్యం.

మరి పేపర్లలో "ఎ బిగ్గర్ దాన్ యూజువల్ క్రౌడ్" అని రాస్తారే అంటారేమో. రాస్తారు. "లార్జర్ దాన్ లైఫ్" లాంటివి కూడా అలా వాడుకలో గట్టిపడి, మధ్యలో అడ్డగీతలు పెట్టుకుని ఒకే మాటలాగా చలామణి అవుతున్నాయి. "దిస్ రూమ్" అలాంటి మాట కాదు.

ఇక మీ గదికి రెండు వాక్యాలూ సరిపోయాయి గానీ ఎప్పుడూ అలా సరిపోవు. అది తెలియడానికి నాకు ఒక గుమ్మడికాయ కావాల్సి వచ్చింది. నిరుడు దసరా ముందు ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్లాను. ఒక రైతు దగ్గర పెద్ద గుమ్మడికాయ ఉంది. తూకం వేస్తే పన్నెండు కిలోలు. అమెరికాలో ఉన్న మా మనవడికి అప్పుడు పదకొండో నెల, తొమ్మిది కిలోలు ఉన్నాడని కోడలు ముందురోజే ఫోన్లో చెప్పింది. సరదా పుట్టి కాయను ఫోటో తీసి, కింద "ఐ సా ఎ హెవియర్ పంప్‌కిన్ దాన్ అవర్ బాయ్" అని రాసి పంపాను. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు గ్రామర్ చెప్పినదాన్ని! కోడలు వెంటనే జవాబిచ్చింది: "అత్తయ్యా, మీ మనవడు గుమ్మడికాయ ఎప్పుడయ్యాడు?"

కోడలిదే రైటు. విశేషణాన్ని నామవాచకానికి ముందు పెట్టి "దాన్" ను వెనక పెడితే, పోల్చిన రెండూ ఒకే జాతివన్న అర్థం వస్తుంది. "ఎ బిగ్గర్ రూమ్ దాన్ దిస్" అన్నప్పుడు ఇదీ రూమే కాబట్టి పేచీ లేదు. "షి ఈజ్ ఎ బెటర్ కుక్ దాన్ హర్ మదరిన్‌లా" అంటే అత్తగారూ వంటమనిషి లెక్కలోకి వచ్చినట్టే. నేను రాసినదాంట్లో మనవడు కూడా ఒక గుమ్మడికాయ, కాకపోతే కాస్త తేలికైనది. "ఎ పంప్‌కిన్ హెవియర్ దాన్ అవర్ బాయ్" అని రాసి ఉంటే కాయ కాయే, పిల్లాడు పిల్లాడే. తెలుగులో ఈ తంటా లేదు. "మనవడికంటే బరువైన గుమ్మడికాయ" అంటే ఎవరూ వాణ్ణి గుమ్మడికాయ అనుకోరు.

ఇంకొక్కటి చెప్పి మిమ్మల్ని వదిలేస్తాను. పెద్ద గదికి "చాలా పెద్ద" అంటాం, పోల్చినప్పుడూ "దానికంటే చాలా పెద్ద" అంటాం. ఇంగ్లిషుకు ఒకే "చాలా" చాలదు. "వెరీ బిగ్ రూమ్" సరే గానీ "వెరీ బిగ్గర్ రూమ్" కుదరదు, "మచ్ బిగ్గర్ రూమ్" అనాలి. తర్వాతి మెయిల్లో అవసరం పడొచ్చు.

ప్రశ్న: మాకు ఇద్దరే అబ్బాయిలు. చిన్నవాడి శుభలేఖలో తెలుగున "కనిష్ఠ పుత్రుడు" అనీ, ఇంగ్లిషున "యంగెస్ట్ సన్" అనీ వేయించాం. పెళ్లి పందిట్లో మా బంధువు ఒకాయన "ఇద్దరే అయినప్పుడు యంగర్ సన్ అనాలి" అని పదిమందిలో అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: ఆయన చెప్పింది నిజం, చెప్పిన చోటు తప్పు. ఇద్దరిలో ఒకరైతే "యంగర్", ముగ్గురు, అంతకు మించితే "యంగెస్ట్" అన్నది రాతలో పాటించే పద్ధతి. "హి ఈజ్ ద యంగర్ ఆఫ్ ద టూ" అని పోటీ పరీక్షల్లో ఖాళీలు పూరించమని ఇచ్చేది కూడా ఇదే. అక్కడ "ద" మరిచిపోయి మార్కు పోగొట్టుకున్నవాళ్లు నా విద్యార్థుల్లోనే కోకొల్లలు. మాటల్లో మాత్రం ఇంగ్లిషు వాళ్లూ ఇద్దరు పిల్లలున్నా "యంగెస్ట్" అనేస్తుంటారు.

ఆ లెక్కన మీ బంధువు మీ తెలుగును కూడా తప్పుపట్టాలి. సంస్కృతంలో "కనిష్ఠ" అంటే అందరిలోకీ చిన్న అని. అయినా ఇద్దరు పిల్లలున్న ఇళ్ల శుభలేఖల్లోనూ జ్యేష్ఠ, కనిష్ఠ అని దర్జాగా అచ్చవుతుంటాయి, ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టరు. అసలు మన ఇళ్లలో "పెద్దోడు, చిన్నోడు" అంటే సరిపోతుంది. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అని విడిగా పేర్లున్నాయి కాబట్టి పోలిక అక్కర్లేదు. ఇంగ్లిషులో "అన్న" అనడానికే "ఎల్డర్ బ్రదర్" అని ఒక విశేషణాన్ని అరువు తెచ్చుకోవాలి.

ఈ "ఎల్డర్" కూడా కాస్త బిడియస్తురాలు. "మై ఎల్డర్ సిస్టర్" అని నామవాచకానికి ముందు ఉంటుంది, "ది ఎల్డర్ ఆఫ్ ద టూ" అంటే వస్తుంది. "దాన్" పక్కకు మాత్రం రాదు. "షి ఈజ్ ఎల్డర్ దాన్ మి" అనకూడదు, అక్కడ "ఓల్డర్" ఉండాలి. తమాషా ఏమిటంటే ఈ రెంటిలో పాత రూపం ఎల్డరే. ఓల్డర్ తర్వాత పుట్టి పెత్తనమంతా తీసేసుకుంది.

ప్రశ్న: "హి ఈజ్ సీనియర్ దాన్ మి" తప్పా?
– ఉప్పల్ నుంచి ఒకరు

జవాబు: తప్పే. "సీనియర్ టు మి" అనాలి. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ ఇవన్నీ లాటిన్ నుంచి పోలికను పొట్టలో పెట్టుకునే వచ్చాయి. "దాన్" తో వాటికి పని లేదు.

ప్రశ్న: నేను అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నాను. అమీర్‌పేటలో ఒక కోచింగ్ కరపత్రం ఇచ్చారు. "వి హావ్ మోర్ ఎక్స్‌పీరియెన్స్‌డ్ టీచర్స్" అని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువమంది అనా, ఎక్కువ అనుభవం ఉన్నవాళ్లు అనా?
– ఒక పాఠకుడు

జవాబు: రెండూ. కరపత్రం రాసినవారికి కావాల్సిందీ అదేనేమో! "మోర్" ను టీచర్లకు అతికిస్తే మంది ఎక్కువ, ఎక్స్‌పీరియెన్స్‌డ్‌కు అతికిస్తే అనుభవం ఎక్కువ. కాగితం మీద తేడా తెలియదు. "గుడ్" లాంటి పొట్టి మాట అయితే ఈ చిక్కు రాదు. "మోర్ గుడ్ టీచర్స్" అంటే మంది, "బెటర్ టీచర్స్" అంటే నాణ్యత. "ఎ మోర్ ఎక్స్‌పీరియెన్స్‌డ్ టీచర్" అని ఏకవచనంలో చెప్పినా చిక్కు విడిపోతుంది, ఎందుకంటే ముందు "ఎ" ఉంటే "మోర్" మందిని లెక్కపెట్టలేదు. ఫీజు కట్టేముందు డెమో క్లాసు మాత్రం విని రండి.

ప్రశ్న: టీచర్, నేను తొమ్మిదో తరగతి. కంపారిటివ్ డిగ్రీకి "దాన్" ఉండాలని చెప్పారు. మరి గ్రేటర్ హైదరాబాద్ అంటే దేనికంటే గ్రేటర్?
– మల్కాజ్‌గిరి నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది నీదే బాబూ. 2007లో పాత నగర కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. మీ మల్కాజ్‌గిరి కూడా ఆ పన్నెండింట్లో ఒకటి. కాబట్టి నిన్నటి హైదరాబాద్ కంటే పెద్దది అని చెప్పుకోవచ్చు. కానీ నిజానికి ఇక్కడ "గ్రేటర్" పోలిక మానేసి పేరులో భాగమైపోయింది. అసలు ఊరు, దాని చుట్టుపక్కలవీ కలిపి అని చెప్పడానికి ఇంగ్లిషులో ఇదొక అలవాటు. లండన్ చుట్టుపక్కలు కలిపి గ్రేటర్ లండన్ అయింది 1965లో. హైయర్ ఎడ్యుకేషన్, యంగర్ జనరేషన్ కూడా ఇలాంటివే. వీటికి "దాన్" తగిలించబోతే మాట చెడుతుంది. "మచ్ గ్రేటర్ హైదరాబాద్" అని చూడు, నవ్వొస్తుంది.

తెలుగులోనూ ఇది ఉంది. పేపర్లో "బృహత్తర పథకం" అని చూసే ఉంటావు. బృహత్ అంటే పెద్ద, దానికి "తర" చేరితే సంస్కృతంలో "ఇంకా పెద్ద". మహత్తరం కూడా అంతే. దేనికంటే అని ఇప్పుడెవరూ అడగరు.

మొన్న నేను లోయర్ ట్యాంక్‌బండ్‌కు ఆటో ఎక్కాను. కట్టమైసమ్మ గుడి దాటాక నేను దిగాల్సిన సందు తెలియక "ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం" అంటూ పోయాను. చివరికి ఆటో అతను బండి ఆపి వెనక్కి తిరిగాడు. "మేడమ్, ఇంతకన్న లోయర్ లేదు."