డిశ్చార్జి తర్వాత పిల్లలు కౌన్సెలింగ్‌కి వెళ్ళట్లేదంటే

లోపం ఆత్మహత్య ఆలోచనల స్క్రీనింగ్‌లో కంటే డిశ్చార్జి దగ్గరే ఉన్నట్టుంది. మీ ఎమర్జెన్సీలో నల్లజాతి టీనేజర్లకు ఏఎస్‌క్యూ ప్రశ్నలు (ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయేమో కనిపెట్టే చిన్న ప్రశ్నావళి) అడుగుతున్నారు, సేఫ్టీ ప్లాన్ (ఆ ఆలోచన వస్తే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో) రాస్తున్నారు, అయినా తర్వాత కౌన్సెలింగ్‌కి వెళ్ళట్లేదన్నారు. ఫోన్ నంబర్ల కాగితం చేతికిచ్చి పంపితే ఎవరు వెళ్తారండీ?

1. అడిగేటప్పుడు తల్లిదండ్రుల్ని కాసేపు బయట ఉండమనండి. కోపం, కడుపునొప్పి అని వచ్చినవాళ్ళనీ అడగండి. నల్లజాతి పిల్లల డిప్రెషన్‌ని 'ప్రవర్తన సమస్య' అని రాసేయడం అమెరికాలో పాత అలవాటే.

2. అందరూ వదిలేసేది ఇదే: బిడ్డ ఇంకా మీ దగ్గర ఉండగానే అపాయింట్‌మెంట్ బుక్ చేయండి. తేదీ, టైమ్, కలవాల్సిన మనిషి పేరు చెప్పండి, ఇన్సూరెన్స్ చెల్లుతుందో లేదో, ఎలా వెళ్తారో అప్పుడే చూడండి. పోలీసులొస్తారనో, పిల్లల్ని తీసుకెళ్ళిపోతారనో భయం ఉందేమో తల్లినే నేరుగా అడగండి, ఆ భయం ఊరికే పుట్టింది కాదు కాబట్టి కొట్టిపారేయకుండా వినండి. ఒకటి నుంచి మూడు రోజుల్లోపు ఫోన్ చేయండి, వీలైతే ఆ పిల్లతోనో పిల్లాడితోనో మాట్లాడిన మనిషే చేయాలి, కొత్త గొంతైతే మళ్ళీ మొదటికే వస్తుంది.

3. ఇంట్లో తుపాకీ, మందులు ఉన్నాయా? ఉంటే తాళం వేసి పెట్టమనండి, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో పెద్దవాళ్ళతో తేల్చుకోండి.

4. అమెరికా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ నంబర్ 988ని ఫోన్‌లో సేవ్ చేయించండి. మెసేజ్ పెట్టినా పలుకుతారు.

'ఇప్పుడే చనిపోవాలన్న ఆలోచన ఉందా' అన్న ఏఎస్‌క్యూ చివరి ప్రశ్నకు అవునంటే ఇవన్నీ తర్వాత. ఒంటరిగా వదలకండి, వెంటనే పూర్తి మానసిక పరీక్ష చేయించండి.