గ్రూపులో చేరబోయే ముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

లైంగిక వ్యసనం నుంచి బయటపడటానికి ఏ గ్రూపులో చేరాలి, చేరితే అక్కడ ఏం మాట్లాడాలి, కోడలికి ఎంతవరకు చెప్పాలి అని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. మీ నాన్న నాకు ప్రాణస్నేహితుడే అయినా ఈ సంగతి నా నోటి నుంచి ఆయన చెవిన పడదు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండు. న్యూజెర్సీలో చాలా ఏళ్ళుగా ఈ మీటింగులకు వెళ్తున్నవాణ్ణి కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. ముందుగా నా అభిప్రాయం ఒకటి చెప్పి మిగతా వాటిలోకి వెళ్తాను. మీటింగులో మన వంతు వచ్చినప్పుడు మాట్లాడే మూడు నిమిషాల వల్ల మనసు తేలికపడుతుంది. మనిషి మారేది మాత్రం ఒక మీటింగుకూ మరో మీటింగుకూ మధ్య సాటి సభ్యుడికి చేసే ఫోన్ల వల్ల. మొదటిదానికి అలవాటుపడి రెండోదాన్ని వదిలేసినవాళ్ళను చాలామందిని చూశాను.

గ్రూపు గడప తొక్కే ముందు ఒకసారి మానసిక వైద్యుణ్ణి కలుసుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సమస్యను కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ అనే పేరుతో, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 అనే తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. లైంగిక ప్రేరణను ఆపుకోలేకపోవడం ఆరు నెలలో అంతకంటే ఎక్కువో సాగి, ఆరోగ్యం, ఉద్యోగం, సంసారం దెబ్బతింటున్నా, చేసినదానిలో పెద్దగా తృప్తి దొరక్కపోయినా మానలేకపోవడం దాని లక్షణం. తాను చేస్తున్నది పాపమన్న భావన వల్ల మాత్రమే కలిగే బాధను ఆ జబ్బుగా లెక్కించకూడదని కూడా అందులోనే స్పష్టంగా ఉంది. మన వైపు ఈ తేడా తెలియడం చాలా అవసరం, ఎందుకంటే వీర్యం పోతే ఒళ్ళు గుల్లవుతుందన్న భయంతో పెరిగిన కుర్రవాళ్ళు ఏ జబ్బూ లేకపోయినా ఉందనుకొని, బస్టాండు గోడల మీది రహస్యవ్యాధుల ప్రకటనలు చూసి, లాడ్జీల్లో మకాం వేసే వైద్యుల చేతుల్లో డబ్బు పోసి వస్తూ ఉంటారు. అటువంటివారికి గ్రూపుతో పనిలేదు, ఉన్నమాట చెప్పే డాక్టరు ఒకరు దొరికితే చాలు. నీ సంగతి అది కాదు. జీతంలో పెద్ద భాగం వెబ్‌క్యామ్ సైట్లకు పోవడమూ, ఆఫీసు వేళల్లో కూడా ఆగలేకపోవడమూ, మానేస్తానని ఒట్టు పెట్టుకున్న వారానికే మళ్ళీ మొదలవడమూ నువ్వే రాశావు. అయినా డాక్టరు చూడాలి. బైపోలార్ జబ్బు ఉన్నవారికి మేనియా దశలోనూ, పార్కిన్సన్స్‌కు ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడేవారికీ ఇదే రకం ప్రవర్తన కనిపించవచ్చు. వాటిని ఏ మీటింగూ నయం చేయలేదు. ఇంకొక మాట. ఎప్పుడైనా బతకడం ఎందుకు అనిపిస్తే మీటింగు రోజు దాకా ఆగకుండా వెంటనే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి-మానస్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఏ గ్రూపు అన్న ప్రశ్న. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో మొదలైన, తాగుడు మానాలనుకునేవారి సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ రూపొందించిన పన్నెండు మెట్ల పద్ధతినే ఈ గ్రూపులు తమకు తగినట్టు మలుచుకున్నాయి. 1976లో బోస్టన్‌లో సెక్స్ అండ్ లవ్ అడిక్ట్స్ అనానిమస్, 1977లో మినియాపొలిస్‌లో సెక్స్ అడిక్ట్స్ అనానిమస్, ఆ తరువాత కాలిఫోర్నియాలో సెక్సాహాలిక్స్ అనానిమస్ వచ్చాయి. పేర్లు దగ్గరగా ఉన్నా నియమాలు ఒకటి కావు. సెక్సాహాలిక్స్‌లో నిగ్రహానికి అందరికీ ఒకటే నిర్వచనం: కట్టుకున్న భార్యతోనో భర్తతోనో తప్ప మరెవరితోనూ, ఆఖరికి తనతో తాను కూడా, లైంగిక చర్య ఉండకూడదు, పెళ్ళి అంటే స్త్రీపురుషుల మధ్య జరిగేదే అని కూడా వారు చెబుతారు. స్వలింగ ప్రేమికులు అక్కడ ఇమడలేరు, వారికి న్యూయార్క్‌లో పుట్టిన సెక్సువల్ కంపల్సివ్స్ అనానిమస్ ఉంది. సెక్స్ అడిక్ట్స్ అనానిమస్‌లో మాత్రం తాను దేనికి దూరంగా ఉండాలో సభ్యుడే, అనుభవజ్ఞుడైన మరొక సభ్యుడి సాయంతో, నిర్ణయించుకుంటాడు. దేవుడి ప్రస్తావన, మెట్ల పద్ధతి రెండూ వద్దనుకునేవారికి స్మార్ట్ రికవరీ ఉంది, అది మనస్తత్వ శాస్త్రపు మెళకువల మీద నడుస్తుంది. మద్యం విషయంలో మెట్ల పద్ధతి మీద జరిగినంత పరిశోధన ఈ సమస్య మీద జరగలేదు కనుక, ఫలానా గ్రూపే గొప్పదని ఎవరైనా గట్టిగా అంటే నమ్మవద్దు. నీకు నేను సెక్స్ అడిక్ట్స్ అనానిమస్‌ను సూచిస్తున్నాను. సంసారం ఉన్న మనిషివి, నీ ఇబ్బందంతా తెరకు సంబంధించినది, పైగా ఇతరులు గీసిన గీత మీద కోపం వచ్చి దాన్ని దాటే స్వభావం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

ఆ గ్రూపులో మూడు వలయాలని ఒక పని చేయిస్తారు. కాగితం మీద ఒకదానిలో ఒకటిగా మూడు గుండ్రాలు గీసి, అన్నిటికంటే లోపలిదానిలో పూర్తిగా మానవలసినవి రాయాలి. నీ విషయంలో డబ్బు కట్టి చూసే సైట్లు, అపరిచితులతో చాటింగు అక్కడికి వస్తాయి. రెండోదానిలో అటువైపు జారిపోయే మెట్లు ఉంటాయి: రాత్రి పదకొండు దాటాక పడకలో ఫోను, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ, కోడలు పుట్టింటికి వెళ్ళినప్పుడు గదికి గడియ వేసుకొని కూర్చోవడం. బయటి వలయంలో నీకు మేలు చేసేవి రాయాలి. చాలామంది లోపలి గుండ్రాన్ని పొడుగాటి జాబితాతో నింపి, బయటిదానిలో నడక, ధ్యానం అని రెండు మాటలు రాసి ఊరుకుంటారు. నువ్వు తిరగేసి చెయ్యి. లోపల కొద్దిగా, కచ్చితంగా రాయి. బయట విరివిగా రాయి, అదీ సాయంత్రం ఏడింటికి ఎవరితో బ్యాడ్మింటన్ ఆడతావో పేరుతో సహా. ఆ కాగితాన్ని ఒక్కడివే ఖరారు చేసుకోకుండా మరొక సభ్యుడికి చదివి వినిపించు.

నీకు వీలయ్యేవి ఆన్‌లైన్ మీటింగులే కావచ్చు. న్యూయార్క్ కాలమానంలో రాత్రి ఎనిమిదికి జరిగే మీటింగు మీకు మర్నాడు ఉదయం అయిదున్నరకు వస్తుంది, నవంబరులో ఇక్కడి గడియారాలు మారాక ఆరున్నరకు వస్తుంది, మార్చిలో మళ్ళీ అయిదున్నరే. చేరే ముందు జూమ్‌లో నీ పేరు సరిచూసుకో. ఆఫీసు ఖాతాతో తెరిస్తే ఇంటిపేరూ కంపెనీ పేరూ అందరికీ కనిపిస్తాయి, కాబట్టి సొంత ఫోనులో కొత్త ఖాతాతో, పేరులో మొదటి ముక్కతో మాత్రమే చేరు. కొన్ని మీటింగుల్లో కెమెరా తెరవమంటారు, కొన్నింటిలో అక్కర్లేదంటారు. మొదట నియమాలు చదువుతారు, ఎవరో ఒక మెట్టు గురించి మాట్లాడతారు, తరువాత ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు ఇస్తారు, గడియారం మోగగానే ఆపాలి. నువ్వు చెప్పిందాని మీద ఎవరూ వ్యాఖ్యానించరు, సలహా ఇవ్వరు, ఓదార్చరు. ధన్యవాదాలు అని మాత్రం అంటారు. ఒకరి మాటకు పదిమంది సమాధానం చెప్పే మన ఇళ్ళలో పెరిగినవాడికి ఇది మొదట్లో ఎంతో ముభావంగా అనిపిస్తుంది. రెండు మూడు వారాలకు అందులోని ఊరట అర్థమవుతుంది. నువ్వు మాట్లాడేటప్పుడు సైట్ల పేర్లు, చూసినవాటి వర్ణనలు చెప్పవద్దు, వినేవారిలో నిన్ననే మానినవాడు ఉండవచ్చు. తెలుగువాళ్ళు ఎవరైనా తగిలితే ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీసే అలవాటును మాత్రం దయచేసి బయటే వదిలి వెళ్ళు.

మీటింగు ముగిశాక చాలాచోట్ల ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది కనుక లింకు మూసేసి వెళ్ళిపోకుండా కనీసం ఇద్దరి నంబర్లు తీసుకో, కోరిక లేని రోజునే వారికి ఫోన్ చెయ్యి. కోరిక కమ్ముకున్న రాత్రి, అంతకు ముందు ఎన్నడూ మాట్లాడని మనిషికి ఫోన్ చేయడం ఎవరి వల్లా కాదు. రోజూ మామూలుగా మాట్లాడే మనిషికైతే వేలు దానంతట అదే నంబరు మీదికి వెళ్తుంది. ఏం మాట్లాడాలని అడుగుతావేమో. ఆకలిగా ఉందా, ఎవరి మీదైనా కోపంగా ఉందా, ఒంటరిగా ఉన్నానా, అలసిపోయానా అని గ్రూపులో నేర్పే నాలుగు ప్రశ్నలకు నిజమైన జవాబులు చెప్పు, రెండు నిమిషాలు చాలు. నీ పోరులో సగం మధ్యాహ్నం భోజనం మానేసిన రోజుల్లోనే జరుగుతున్నదని నీకే తెలుస్తుంది. కొంతకాలానికి ఆ మనుషుల్లోనే ఒకరిని స్పాన్సరుగా, అంటే మెట్ల దారిలో నీకు తోడుండి నడిపించే పాత సభ్యుడిగా, ఉండమని అడుగు. ఆయన మెట్లన్నీ పూర్తిచేసినవాడై ఉండాలి, నీకు ఆకర్షణ కలిగే వర్గానికి చెందిన వ్యక్తి కాకూడదు. డబ్బు అడిగినా, అప్పు అడిగినా, నీ మందులు మానెయ్యమన్నా అదే రోజు మార్చెయ్యి. ఈ గ్రూపులకు రుసుము లేదు, సభ్యులు తోచినంత వేసే చందాలతోనే అవి నడుస్తాయి.

మెట్లలో భగవంతుడి మాట వస్తుంది, ఎవరి అవగాహన మేరకు వారు అనుకోవచ్చు. నీ నాస్తికత్వానికి వచ్చిన ఇబ్బందేమీ లేదు.

కోడలి విషయం మాత్రం తొందరపడవద్దు, నాన్చనూ వద్దు. తొమ్మిదో మెట్టు మనం బాధపెట్టినవారికి పరిహారం చేయమంటుంది, అయితే దానివల్ల వారికో మరొకరికో హాని కలిగే సందర్భాలను మినహాయిస్తుంది. మొదటి మీటింగు ఇచ్చిన ఉత్సాహంలో ఇంటికి వెళ్ళి అర్ధరాత్రి అంతా కక్కేస్తే బరువు దిగేది నీకు, మోయవలసింది ఆమె. చికిత్స తీసుకుంటున్నావని, ఫలానా సమస్యకని, డబ్బు ఎంత పోయిందో ఆ సంగతిని ఇప్పుడే చెప్పు. మిగతా వివరాలు దంపతుల కౌన్సెలింగులో, ఆమె ఎంత తెలుసుకోవాలనుకుంటే అంత, ఒక పద్ధతిగా చెప్పవచ్చు. ఒకే ఒక్క విషయంలో ఈ ఆలస్యం చెల్లదు. తెర దాటి బయట ఎవరితోనైనా సంబంధం జరిగి ఉంటే, ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ అనే సలహా, పరీక్షల కేంద్రంలో హెచ్ఐవీ పరీక్ష ఉచితంగా, గోప్యంగా చేస్తారు, 1097కు ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం చెబుతారు. ఇతర సుఖవ్యాధుల పరీక్షలు కూడా అడిగి చేయించుకో. ఫలితాలు వచ్చేవరకు ఆమెకు దూరంగా ఉండు, ఎందుకో చెప్పి మరీ ఉండు. ఆమెకు కూడా ఎస్-అనాన్, కోసా అనే గ్రూపులు ఉన్నాయి. వెళ్ళమని ఒత్తిడి చేయవద్దు, పేర్లు మాత్రం చెప్పు.

ఒక హెచ్చరిక రాయక తప్పదు, నీకు అవసరం ఉండదనే నమ్ముతున్నాను. గ్రూపులోని గోప్యత సభ్యుల మర్యాద మీద ఆధారపడినదే, దానికి చట్టపు రక్షణ లేదు. ముఖ్యంగా పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది, అది న్యాయమే.

జారితే ఏం చేయాలని చివర అడిగావు. ఆ రోజే ఎవరికో ఒకరికి ఫోన్ చేసి చెప్పు, ఆ వారం మీటింగుకు తప్పకుండా వెళ్ళు. సిగ్గుతో ఒక్క మీటింగు మానితే, రెండోది మానడం మరీ తేలిక.

నన్నే స్పాన్సరుగా ఉండమన్నావు. అది కుదరదు బాబూ. మీ నాన్న ఎదుట కూర్చొని భోంచేసేవాడికి నువ్వు అన్నీ చెప్పలేవు, చెప్పినా నేను తండ్రి స్నేహితుడిలాగే వింటాను. మీకు ఉదయం వేళ పడే మీటింగుల్లో నాకు తెలిసినవాటి వివరాలు విడిగా పంపుతున్నాను. వచ్చే ఆదివారం లోగా ఒకదానిలో చేరి, ఎలా ఉందో రెండు ముక్కలు రాయి.

మీ బాబాయి