చిన్న ఓడ ఎక్కే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇద్దరం ఈ ఏడాదే రిటైరయ్యాం. బ్రహ్మపుత్ర మీద వారం రోజులు తిప్పే చిన్న ఓడల గురించి విన్నాం. మేం ఇప్పటిదాకా ఎక్కింది లక్నవరం బోటు ఒక్కటే. ఏకంగా అంత డబ్బు పెట్టి అంత దూరం వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వెళ్లొచ్చు, కానీ ముందు దగ్గర్లో ఒకటి రెండు ప్రయాణాలు చేసి చూడండి. లక్నవరం బోటు కాసేపటికే ఒడ్డుకు వచ్చేస్తుంది. దాన్నిబట్టి ఏమీ తెలియదు. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి టూరిజం వాళ్ల లాంచీ ఉంది. నల్లమల కొండల నడుమ కృష్ణ మీద సుమారు 120 కిలోమీటర్లు, ఐదారు గంటల దారి. సాగర్‌లో నీళ్లు బాగా ఉన్నప్పుడే నడుపుతారు కాబట్టి ప్రాజెక్టు నిండాక తేదీలు కనుక్కోండి. ఇంజిన్ మోతకు తల పట్టేస్తుందా, గంటల తరబడి నీళ్లే చూస్తుంటే విసుగొస్తుందా, అన్నీ ఆ ఒక్కరోజులో తేలిపోతాయి.

నీళ్ల మీద రాత్రి నిద్ర ఎలా ఉంటుందో తెలియాలంటే అలెప్పీ హౌస్‌బోటు ఎక్కండి. తిరువనంతపురం వెళ్లే కేరళ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది. ఎర్నాకుళం టౌన్‌లో దిగితే అక్కడి నుంచి రోడ్డు మీద గంటన్నర, రెండు గంటలు. మామూలుగా మధ్యాహ్నం 12కు ఎక్కించుకొని మర్నాడు పొద్దున 9కి దింపుతారు. అయితే సాయంత్రం ఐదున్నరకల్లా బోటును ఒడ్డుకు కట్టేస్తారు. ఆ తర్వాత జాలర్లు వలలు వేసుకునే సమయం. అంటే 21 గంటలకు డబ్బు కట్టినా బోటు కదిలేది ఐదారు గంటలే. ఏసీ కూడా చాలా బోట్లలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకానే వేస్తారు. ఇది తెలియక వెళ్లి బోటువాళ్లతో గొడవపడేవాళ్లు చాలామంది.

ఈ రెండూ నచ్చితే అప్పుడు బ్రహ్మపుత్ర. అక్కడ 12 గదులు, 24 మంది పట్టే ఓడలున్నాయి. అంత చిన్నగా కట్టడానికి కారణం నదే. చలికాలంలో నీళ్లు తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి, వరద వచ్చినప్పుడల్లా అవి చోటు మారతాయి. లోతైన దారి ఎటు ఉందో తెలియడానికి వెదురు గడలు పాతుతారు. చీకట్లో అవి కనిపించవు. అందుకని పొద్దుగూకేసరికి ఏదో ఒక ఇసుక తిన్నెకు తాడు వేసి ఓడను కట్టేస్తారు. పొద్దున పొగమంచు విడిచేదాకా కదలరు. కాగితం మీద మంగళవారం మజులీ దీవి అని ఉన్నా అది బుధవారం కావచ్చు. ఏ గంటకు ఏది రాసుంటే అది జరగాలనుకునేవాళ్లకు ఈ ప్రయాణం పడదని మా గట్టి అభిప్రాయం.

గువాహటి నుంచి జోర్హాట్ వైపు వెళ్తే ఏటికి ఎదురు, జోర్హాట్ నుంచి వస్తే వాలు. వాలులో ఓడ త్వరగా సాగుతుంది, ఆ మిగిలిన గంటలు ఊళ్లు చూడటానికి దక్కుతాయి. రెండూ ఉంటే వాలు దారే తీసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. వానాకాలంలో కాజీరంగా నేషనల్ పార్కు సఫారీలు మూసేస్తారు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, రాత్రి చలి 10 డిగ్రీల దాకా దిగుతుంది. తెల్లవారుజామున టాపు లేని జీపులో కూర్చోవాలి కాబట్టి స్వెట్టరు, మంకీ క్యాపు, సాక్సులు ఉండాల్సిందే.

మొదటిసారికి మూడు నాలుగు రాత్రులు చాలు. 2023 జనవరి 13న వారణాసి నుంచి బయల్దేరిన గంగా విలాస్ ఓడది 51 రోజుల్లో 3,200 కిలోమీటర్లు వెళ్లి డిబ్రూగఢ్ చేరాలని వేసుకున్న ప్రయాణం. అలాంటివి అలవాటు పడ్డాక ఆలోచించవచ్చు.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగరు. ఓడలో ఇబ్బంది పడుతుందా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఓడలో ఉన్నంతసేపు పెద్దగా ఇబ్బంది లేదు. ఇబ్బందంతా దిగేటప్పుడే. నది ఒడ్డున చాలాచోట్ల కట్టిన రేవు ఉండదు. ఓడ ముక్కును ఇసుకకు ఆనించి, ఒడ్డుకు ఒక చెక్క పలక వేస్తారు. పట్టుకోవడానికి పక్కన వెదురు బొంగు. పలక దాటాక ఇసుక గట్టుకు పారతో చెక్కిన మెట్లు. అవి మన ఇంటి మెట్లలా ఒకే ఎత్తులో ఉండవు, కాలి కింద జారతాయి. మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టం. కొండగట్టు మెట్లదారిలో ఒక పాతిక మెట్లు ఎక్కించి దింపి చూడండి. కడ్డీ పట్టుకొని, మధ్యలో కూర్చోకుండా దిగగలిగితే ఫరవాలేదు. లేకపోతే ఆమె కొన్నిచోట్ల దిగకుండా డెక్ మీదే కూర్చునేలా ముందే అనుకోండి. నది ఒడ్డు ఊళ్లు, పక్షులు అక్కడి నుంచీ కనిపిస్తాయి.

ఇలాంటి ఓడల్లో మామూలుగా లిఫ్టు ఉండదు, లోపలి మెట్లు నిటారుగా ఉంటాయి. భోజనాల గది ఏ అంతస్తులో ఉంటే అదే అంతస్తులో గది అడగండి. స్నానాల గదికి, డెక్ తలుపుకి నీళ్లు లోపలికి రాకుండా ఎత్తైన గడప ఉంటుంది. రాత్రి లేచినప్పుడు కాలు తగిలి పడేది అక్కడే. చిన్న టార్చి దిండు కింద పెట్టండి. డాక్టరు ఓడలో ఉంటారనుకోవద్దు, ఆసుపత్రి ఉన్న ఊరు చేరడానికి గంటలు పట్టవచ్చు. కాబట్టి మందులు అవసరమైన దానికి రెట్టింపు తీసుకొని సగం సగం రెండు సంచుల్లో సర్దండి. ఇన్సులిన్ వాడుతుంటే ఫ్రిజ్‌లో చోటిస్తారా అని బుకింగ్‌కు ముందే అడగండి.

ప్రశ్న: శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కితేనే నాకు వాంతులు. ఓడ సంగతి ఏమిటి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నది మీద భయం లేదు, అలలు ఉండవు. సముద్రం మీద మాత్రం చిన్న ఓడ పెద్ద ఓడ కన్నా ఎక్కువ ఊగుతుంది. వియత్నాంలో హాలాంగ్ బే లాంటి చోట్ల సున్నపురాతి దీవులు గోడల్లా అడ్డం ఉండటంతో నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ తుపాన్ల కాలం.

సముద్రం మీద వెళ్తే గది కింది అంతస్తులో, ఓడ నడుమ భాగంలో తీసుకోండి. ముందు వెనకల కన్నా నడుమ ఊపు తక్కువ. లోపలి చెవి ఊగుతున్నాం అంటుంది, కళ్లు ఎదురుగా ఉన్న గోడను చూసి కదలడం లేదంటాయి. ఆ తేడా వల్లే కడుపులో తిప్పుతుంది. అందుకే గదిలో పడుకొని ఫోన్ చూస్తే ఇంకా ఎక్కువవుతుంది. బయటికొచ్చి నీళ్లూ ఆకాశం కలిసే గీత మీద చూపు నిలపండి. కడుపు ఖాళీగా ఉంచొద్దు, నూనె వస్తువులూ వద్దు. అవామిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర పెద్దవాళ్లు ప్రయాణానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికే వస్తుంది. నిద్ర మత్తు ఉంటుంది. గ్లాకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడకూడదు.

ప్రశ్న: శాకాహారులం. పచ్చళ్లు తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, సిరిసిల్ల

జవాబు: శాకాహారం దొరుకుతుంది, ముందే చెప్పాలి. దారిలో కొనడానికి అంగడి ఉండదు కాబట్టి వంటవాళ్లు సరుకులన్నీ మొదటిరోజే ఎక్కించుకుంటారు. ఆవకాయ విమానంలో చేతిసంచిలో పెడితే తనిఖీలో తీసేయవచ్చు. రెండు కవర్లు కట్టి పెద్ద బ్యాగులో వేయండి. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. సంక్రాంతి తర్వాత వెళ్లేవాళ్లకు సకినాలంత మంచి తోడు లేదు, కారవు, పాడుకావు.

ప్రశ్న: అడ్వాన్సు కట్టే ముందు ఏమేం అడగాలి?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: చెప్పిన ధర మనిషికా గదికా అన్నది మొదట తేల్చుకోండి. చాలావరకు ఇద్దరికి ఒక గది లెక్కన తలా ఇంత అని చెబుతారు. ఒక్కరే వెళ్తే అదనంగా కట్టాలి. పార్కు టికెట్లు, జీపు, గైడు, కెమెరా రుసుము, జీఎస్టీ ఆ ధరలో ఉన్నాయో లేవో విడివిడిగా రాయించుకోండి. నీళ్లు తక్కువై ఓడ అనుకున్న రేవుకు చేరకపోతే అక్కడి నుంచి కారు ఖర్చు ఎవరిది? బయల్దేరడమే రద్దయితే డబ్బు తిరిగిస్తారా, ఇంకో తేదీ ఇస్తారా? ఈ రెండిటికీ జవాబు నోటిమాటగా కాక మెయిల్‌లో ఉండాలి. గది కిటికీ తెరుచుకుంటుందా, ఇంజిన్ గది ఎంత దూరం అన్నదీ అడగండి. ఇంజిన్ పక్క గది కాస్త చవగ్గా వస్తుంది, నిద్ర మాత్రం పట్టదు.

ఓడ దిగిన రోజే తిరుగు విమానం పెట్టుకోవద్దు, ఒక రాత్రి ఊళ్లో ఉండండి. వెళ్లేటప్పుడూ ఒకరోజు ముందే చేరండి. మీరు రాలేదని ఓడ ఆగదు. మేడారం జాతర జరిగే ఏడు మాఘ పున్నమి వారంలో ఈ ప్రాంతం నుంచి బస్సులు, రైళ్లు, రోడ్లు అన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజుల్లో శంషాబాద్ వెళ్లడానికి ఇంకో సగం రోజు కలుపుకోండి. నది మీద సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు, నగదు దగ్గరుంచుకోండి.

ప్రశ్న: మాకెవరికీ ఈత రాదు. కచ్చులూరు ప్రమాదం తర్వాత పడవ అంటేనే భయం.
– ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: మీ భయంలో తప్పేమీ లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక లాంచీ మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది. వరద ఉన్న రోజు ఎవరు ఎంత నచ్చజెప్పినా ఎక్కకండి, డబ్బు పోయినా సరే. ఎక్కేముందు ఎంతమందికి అనుమతి ఉందో బోర్డు మీద చూసి, ఎక్కినవాళ్లను లెక్కపెట్టండి. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే పనికిరాదు. ఒంటి మీద ఉండాలి, బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. పెట్టుకున్నాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీకు వదులు. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది, వాళ్ల బరువుకు తగ్గది అడిగి తీసుకోండి. రాత్రి ఉండే ఓడలో గదిలోకి వెళ్లగానే జాకెట్లు ఎక్కడున్నాయో చూసి, తలుపు నుంచి డెక్ దాకా ఒకసారి లైటు లేకుండా, గోడ పట్టుకొని నడవండి.